పెట్రోలా? డీజిలా? ముందు డొంక సంగతి చెప్పు!

“మావయ్యా, ఒక్క మాటలో చెప్పు. పెట్రోలా, డీజిలా?”

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడి ఫోను. నేనింకా కాఫీ గ్లాసు కింద పెట్టలేదు. వాడు ఒక్క మాటలో చెప్పమన్నాడంటే, అప్పటికే పదిమందిని అడిగి, పది జవాబులు విని, తల తిరిగి నా దగ్గరికి వచ్చాడని అర్థం. అదే నిజమైంది. ఊళ్ళో పురుగుమందుల కొట్టాయన “డీజిలే, ఇంకో మాట లేదు” అన్నాడట. షోరూంలో కుర్రాడు ఏ బండి స్టాకులో ఉంటే అదే మంచిదన్నాడట. హైదరాబాదులో ఉద్యోగం చేసే స్నేహితుడేమో “ఇంకో రెండేళ్ళు ఆగి కరెంటు బండి కొను” అన్నాడట. వాళ్ళ ఊళ్ళో వానపడితే కరెంటు ఎప్పుడొస్తుందో ఆ స్నేహితుడికి గుర్తు లేనట్టుంది.

వాడికి కావలసింది ఫోర్ వీల్ డ్రైవ్ బండి. నాలుగు చక్రాలూ లాగేది. ఎవరైనా వింటే “మిర్చి రైతుకి ఆ సోకు దేనికి?” అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ వాడు ఆ బండి కోసం ఎందుకు పట్టుబట్టాడో నాకు తెలుసు కాబట్టి ఆ మాట నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది. అయిదో తారీకున బాపట్ల దగ్గర తీరం దాటింది. మా అక్కవాళ్ళ ఊరు నరసరావుపేటకీ వినుకొండకీ మధ్య, మెయిన్ రోడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు, దాని మీద చప్టా. ఆ సాయంత్రం మా బావకి గుండెల్లో నొప్పి మొదలైంది. ఇంట్లో ఉన్న చిన్న కారు ఊరి బయట నల్లమట్టిలో కూరుకుపోయింది. చివరికి ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, దాని మీద ఆయన్ని పడుకోబెట్టి, పైన పట్టా కప్పి, వాగు కాస్త తగ్గిందాకా ఒడ్డున కాసుకుని ఉండి, అర్ధరాత్రికి పేట ఆసుపత్రికి చేర్చారు. దేవుడి దయ, బావ బాగున్నాడు. కానీ ఆ ట్రక్కులో తండ్రి తలని ఒళ్ళో పెట్టుకు కూర్చున్న కొడుక్కి ఆ ఏడు కిలోమీటర్లు ఇంకా అయిపోలేదు.

అందుకే వాడి ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. “వస్తున్నా, మధ్యాన్నం పప్పుచారు పెట్టమను మీ అమ్మని” అన్నా.

డీజిల్ అంటే మనకెందుకంత గురి?

మన పల్నాడు, ప్రకాశం పల్లెల్లో బండి అంటే డీజిలే అన్న మాట ఊరికే పుట్టలేదు. దాని వెనక అరవై ఏళ్ళ అనుభవం ఉంది.

నిజానికి మనకి మొదట వచ్చిన జీపు పెట్రోలుదే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మహీంద్రావాళ్ళు విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించి అమ్మారు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక “సమితి జీపు” ఊళ్ళోకి వచ్చిందంటే పిల్లలు వెనక పరిగెత్తేవాళ్ళు. అది పెట్రోలు బాగా తాగేది. గవర్నమెంటు తాగించేది కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. సొంత డబ్బుతో జీపు కొన్నవాడికి మాత్రం నొప్పి తెలిసింది. 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజన్ పెట్టిన మహీంద్రా జీపులు వచ్చాక రైతు చూపు అటు తిరిగింది. పాత పెట్రోలు జీపులు కొన్నవాళ్ళు కూడా ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్నారు. ఇక కమాండర్లు, ట్రాక్సులు వచ్చిన కాలం మీకు గుర్తుండే ఉంటుంది. లోపల ఎంతమంది కూర్చున్నారో, పైన ఎంతమంది వేలాడుతున్నారో లెక్క ఉండేది కాదు.

దానికి తోడు అప్పటికే ఇంట్లో ఆయిల్ ఇంజన్ ఉంది, ట్రాక్టరు ఉంది. అన్నీ డీజిల్‌వే. మెకానిక్ కూడా ఆ పనే నేర్చాడు. పైగా ధర! 2012 మేలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే, డీజిల్ 41కి అటూ ఇటూ ఉంది. లీటరుకి ముప్ఫై రెండు రూపాయల తేడా ఉంటే ఎవడైనా డీజిలే అంటాడు. దానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. మన ఊళ్ళల్లో చాలామంది వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

మొదటిది, 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద అదుపు ఎత్తేసింది. ఇప్పుడు మన రాష్ట్రంలో పెట్రోలుకీ డీజిల్‌కీ మధ్య తేడా పన్నెండు రూపాయల చుట్టుపక్కల. రెండోది, 2020 ఏప్రిల్ ఒకటి నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. దాంతో డీజిల్ ఇంజన్ స్వభావమే మారిపోయింది. మారుతీవాళ్ళు అప్పుడే డీజిల్ కార్లకి నమస్కారం పెట్టేశారు.

మసి డబ్బా కథ

బీఎస్-6 డీజిల్ బండి పొగగొట్టంలో డీపీఎఫ్ అని ఒక వడపోత డబ్బా ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే మసిని బయటికి పోనీకుండా పట్టి ఉంచడం దాని పని. పట్టిన మసి ఏమవ్వాలి? కాలిపోవాలి. అది కాలాలంటే డబ్బా బాగా వేడెక్కాలి, ఆరువందల డిగ్రీల దరిదాపుకి. అంత వేడి రావాలంటే బండి ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా అరవై, డెబ్భై కిలోమీటర్ల వేగంతో పోవాలి. హైవే మీద తిరిగేవాడికి ఈ సంగతే తెలియదు. వాడు పాటలు వింటూ పోతుంటే డబ్బా తనంతట తను శుభ్రపడుతుంది.

పొద్దున రెండు కిలోమీటర్లు చేలోకి, మధ్యాన్నం వెనక్కి, సాయంత్రం మళ్ళీ కల్లానికి... ఇలా తిరిగే బండి సంగతి వేరు. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆపేస్తాం. మసి పేరుకుంటుంది. బండి డబ్బాని కాల్చబోతుంది, మనం తాళం తీసేస్తాం. రేపు మళ్ళీ అంతే. ఇలా సగంలో ఆపినప్పుడల్లా కాలడానికి పంపిన డీజిల్‌లో కొంత ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మూడేళ్ళ కిందట నాకే తగిలింది. అప్పుడు నా దగ్గర ఒక డీజిల్ బండి ఉండేది. ఊళ్ళో ఇల్లు కట్టిస్తూ ఆరు నెలలు సిమెంటు కొట్టుకీ ఇంటికీ మధ్యే తిప్పా. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. “సెన్సరు దుమ్ము పట్టుంటుంది లే” అనుకున్నా. అదీ మన వైద్యం! కొన్నాళ్ళకి బండి ముప్ఫై దాటి పోనని మొండికేసింది. రిపేరు చేసినవాళ్ళు ఇచ్చిన బిల్లు చూస్తే, ఒక ఎకరం పత్తి మీద ఆ ఏడు మిగిలినదానికి సరిపోయింది. తప్పు బండిది కాదు. చేపని చెట్టెక్కమన్నవాణ్ణి నేను.

ఇదంతా చెబితే మా బావ మంచం మీద నుంచి అడ్డుపడ్డాడు. “అట్టా అంటావేందయ్యా! ఇంట్లో ట్రాక్టరుకి డీజిల్ డ్రమ్ము ఉండనే ఉందిగా. బండిక్కూడా అందులోంచే పోసుకుంటే బంకుకి పోయే పనే ఉండదు.”

మంచి ప్రశ్నే. డీజిల్ వైపు పల్లెలో వినబడే వాదనల్లో బలమైనది ఇదే. కానీ ఆ డ్రమ్ము మూత తీసి చూడండి. రాత్రి చలికి లోపల పట్టిన నీటి చెమ్మ అడుక్కి దిగుతుంది. గొట్టం పెట్టి లాగేప్పుడు దుమ్ము పడుతుంది. పాత ట్రాక్టరు ఇంజన్ ఇదంతా ఓర్చుకుంటుంది, ఫిల్టరు మార్చి, గాలి తీసి కొడితే మళ్ళీ స్టార్టవుతుంది. ఇప్పటి కారు డీజిల్ ఇంజన్ అలా కాదు. కామన్‌రైల్ పద్ధతిలో ఇంధనాన్ని వెయ్యిన్నర బార్‌కి మించిన ఒత్తిడితో వెంట్రుకకన్నా కాస్త లావు రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. మన కారు టైర్లో గాలి రెండు బార్లకి కొంచెం ఎక్కువ, అంతే. తేడా మీరే ఊహించుకోండి. అంత సున్నితమైన ఇంజెక్టర్‌కి డ్రమ్ము అడుగున ఉన్న నీళ్ళు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వారంటీవాడు కూడా చేతులెత్తేస్తాడు.

బావ ఏమీ అనలేదు గానీ, మా అక్క వంటింట్లోంచి “ఆ డ్రమ్ములో బల్లి పడిందని మొన్ననే చెప్పాగా” అంది.

లాగుడు సంగతి

“సరే మావయ్యా, కానీ బురదలో లాగాలంటే డీజిలే కదా?” అన్నాడు మేనల్లుడు. వాడి అసలు నమ్మకం అక్కడుంది.

ఒకప్పుడు అది నూటికి నూరు పాళ్ళు నిజం. పాత పెట్రోలు ఇంజన్ గట్టిగా అరిపిస్తే తప్ప బలం వచ్చేది కాదు. డీజిల్ తక్కువ వేగంలోనే ఎద్దులా లాగేది. ఇప్పుడు కంపెనీవాళ్ళు ఇచ్చిన అంకెలే చూడండి. మూడు తలుపుల థార్‌లో రెండు లీటర్ల పెట్రోలు ఇంజన్ 150 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 2.2 లీటర్ల డీజిల్‌కి 130 హార్స్‌పవర్, టార్క్ అదే 300. పైగా టర్బో ఉన్న ఆ పెట్రోలు ఇంజన్‌కి పూర్తి లాగుడు 1250 ఆర్‌పీఎం దగ్గరే మొదలైతే, డీజిల్‌కి 1600 దగ్గర మొదలవుతుంది. అంటే కాగితం మీద పాత సామెత తిరగబడింది.

జిమ్నీ సంగతి ఇంకో రకం. దాని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్‌కి టర్బో లేదు. టార్క్ 134 మాత్రమే. కానీ బండి బరువు పన్నెండు వందల కిలోల చుట్టూ. దానికి తోడు లో గేరు ఉంది. ఆ గేరు వేస్తే వేగం సగమై లాగుడు రెట్టింపవుతుంది. మెల్లగా పీతలా పాకుతూ పోతుంది.

ఇక మన నల్లరేగడి గురించి నేను చెప్పాలా? ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు పట్టేంత సందులు. వానపడితే ఉబ్బి, జిగురై, చెప్పుకి పట్టి కిలో బరువవుతుంది. టైరు గాళ్ళల్లో ఆ మట్టి నిండిందంటే టైరు గుండు కొట్టించుకున్నట్టే. అప్పుడు ఇంజన్ ఎంత గట్టిదైతే చక్రం అంత జోరుగా తిరిగి అంత లోతుకి దిగుతుంది. రెండు చక్రాల బండి రెండు గుంటలు తవ్వుకుంటే, నాలుగు చక్రాల బండి నాలుగు తవ్వుకుంటుంది. అక్కడ పనికొచ్చేవి మూడే: బురదకి పనికొచ్చే టైర్లు, తక్కువ బరువు, లో గేరు. ట్యాంకులో ఏముందనేది నల్లమట్టికి పట్టదు.

పదును చూడకుండా దుక్కి దున్నే రైతు లేడు కదా. డొంకలోకి బండి దించేప్పుడూ అంతే. పదును లేనప్పుడు దించకూడదు.

కాటా చీటీ వెనక లెక్క

భోజనం అయ్యాక వాడు మిర్చి యార్డు కాటా చీటీ ఒకటి తెచ్చి వెనక్కి తిప్పాడు. లెక్క మొదలుపెట్టాం.

అసలు ఎంపిక ఎక్కడుందో ముందు చూడాలి. లో గేరుతో సహా ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, మన ఊళ్ళల్లో జనం అడిగే బళ్ళు కొన్నే. అయిదు తలుపుల థార్ రాక్స్, స్కార్పియో-ఎన్, ఫోర్స్ గూర్ఖా, ఫార్చ్యూనర్, మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్... వీటన్నిటిలో నాలుగు చక్రాలూ లాగాలంటే డీజిల్ ఒక్కటే. జిమ్నీ అయితే పెట్రోలు ఒక్కటే. రెండు ఇంజన్లూ ఎదురెదురుగా నిలబెట్టి ఎంచుకునే వీలున్నది మూడు తలుపుల థార్‌లోనే. కాబట్టి సగం మందికి ఈ ప్రశ్నకి జవాబు కంపెనీవాడే చెప్పేశాడు.

“మరి థార్ డీజిల్‌లో ఒకటి చవగ్గా వస్తందంట?” అన్నాడు. అక్కడ జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22న మారిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్ల లోపు పొడవుండి, డీజిల్ ఇంజన్ 1500 సీసీ లోపు ఉంటే పన్ను 18 శాతం. పెట్రోలుకైతే ఆ హద్దు 1200 సీసీ. దాటితే 40 శాతం. థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ ఆ హద్దులోపల పడుతుంది కాబట్టి చవక. కానీ దానికి వెనక చక్రాలే లాగుతాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి, బురదలో దిగాకగానీ తేడా తెలియదు. షోరూంలో ఈ మాట విడమరిచి అడగండి.

ఇక ఖర్చు. లెక్క సులువు కోసం పెట్రోలు 110, డీజిల్ 98 అనుకున్నాం. బరువైన పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్ లీటరుకి 10, డీజిల్‌ది 13, తేలికైన పెట్రోలు బండి 14 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నాం. కంపెనీ చెప్పేవి ఇంకా ఎక్కువే ఉంటాయి. కానీ కంపెనీవాడు మన డొంకలో నడపలేదు. కిలోమీటరుకి బరువైన పెట్రోలుకి 11 రూపాయలు, డీజిల్‌కి ఏడున్నర, తేలిక పెట్రోలుకి 7 రూపాయల 86 పైసలు పడింది.

ఆ చివరి అంకె చూసి వాడు పెన్ను కింద పెట్టాడు. మైలేజీ అనగానే మనం ఇంధనం పేరే చూస్తాం, బండి బరువు చూడం. తేలిక పెట్రోలుకీ బరువైన డీజిల్‌కీ కిలోమీటరుకి తేడా ముప్పావలా కూడా లేదు.

“నువ్వు ఏడాదికి ఎంత తిరుగుతావు?” అన్నా. చేను రోజుకి రెండుసార్లు, పేటకి వారానికి రెండుసార్లు, గుంటూరు నెలకి ఒకటి. కాయలు ఎటూ లారీలోనే పోతాయి, టిక్కీలు కారులో వేసుకుపోయేదేం లేదు. ఎంత గుంజినా ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు.

ఏడు వేలకి బరువైన పెట్రోలు బదులు డీజిల్ కొంటే మిగిలేది 24 వేలు. మరి డీజిల్ బండి లక్ష ఎక్కువ పడితే? తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్ళ అప్పులో, లక్షకి నెలకి 2,100 కిస్తీ. ఏడాదికి 25,200. మిగిలిందంతా కిస్తీకి సరి! అదే తేలిక పెట్రోలు బండితో పోలిస్తే డీజిల్ మీద ఏడాదికి మిగిలేది రెండు వేల చిల్లర. సర్వీసింగ్ తేడాకే సరిపోదు.

ఇక్కడే వాడికి ఇంకో లెక్క వేయించా. మిర్చి 2023లో ధర పలికింది, చేతిలో కాస్త డబ్బు ఉంది, నిజమే. కానీ 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ఖాయం చేయాల్సి వచ్చిందంటే ధర ఎంత పడిందో మళ్ళీ చెప్పాలా? ఆ ధరన లక్ష అప్పుకి ఏడాదికి రెండు క్వింటాళ్ళకి పైగా మిర్చి కట్టాలి. పది లక్షల అప్పయితే ఇరవై ఒక్క క్వింటాళ్ళ పైనే. బాగా పండిన ఎకరం మొత్తం, పెట్టుబడి తీయకుండానే, బండి కిందకే పోతుంది. తాలు కాయ వచ్చిన ఏడు ఇంకెంత పోతుందో వాడికే ఎక్కువ తెలుసు.

డీజిల్ ఎవరికి?

ఇదంతా విని డీజిల్ దండగ అనుకోవద్దు. మధ్యాన్నం వాడి తోడల్లుడు కూడా వచ్చాడు. ఒంగోలులో ఉంటాడు, పురుగుమందుల కంపెనీ ఉద్యోగం. దర్శి, పొదిలి, మార్కాపురం, అవతల దోర్నాల దాకా, రోజుకి నూటయాభై కిలోమీటర్లకి తగ్గదు. ఏడాదికి ముప్ఫై వేలు దాటుతుంది. నల్లమల అంచు ఊళ్ళకీ చేలల్లోకీ పోవాలి. “మరి నాకేంటి బాబాయ్ గారూ?” అన్నాడు.

“నీకు కళ్ళు మూసుకుని డీజిల్” అన్నా. బరువైన పెట్రోలుతో పోలిస్తే ముప్ఫై వేల కిలోమీటర్లకి ఏడాదికి లక్ష పైన మిగులుతుంది. రోజూ గంటలకొద్దీ పరుగు కాబట్టి మసి డబ్బాకి ఇబ్బందే ఉండదు. నా లెక్కలో ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు దాటి, అందులో ఎక్కువ భాగం పొడుగు ప్రయాణాలైతే డీజిల్. దానికి తక్కువైతే, పొట్టి ప్రయాణాలైతే పెట్రోలు. ఈ రెండో షరతు మర్చిపోకూడదు. కిలోమీటర్లు ఎన్ని అన్నదే కాదు, ఒక్కో విడతకి ఎన్ని అన్నది కూడా చూడాలి.

ఆ అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పా. కొన్ని డీజిల్ బళ్ళకి యాడ్‌బ్లూ అనే ద్రవం విడిగా పోయాలి. అయిపోతే స్టార్టవదు. దూరం పోయేవాడు డిక్కీలో ఒక డబ్బా ఉంచుకోవాలి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే పాత డీజిల్ బళ్ళ దగ్గరా జాగ్రత్త. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలుండబట్టి చవక. ఇక్కడికి తెచ్చి మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు కట్టి, పట్టిన మసి వదిలించేసరికి ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోవాలి.

పెట్రోలుకీ లోపాలున్నాయి, దాచను. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. అందుకే పైన తేలిక బండికి పద్నాలుగే వేశా. కొత్త బళ్ళు దానికి తగ్గట్టే తయారవుతున్నాయి, పాత పెట్రోలు బండి కొనేవాళ్ళు మాత్రం అది ఈ20కి తగినదో కాదో కనుక్కోవాలి. ఇంకోటి, బరువు లాగించే పని, అంటే వెనక ట్రెయిలరు కట్టడం, నలుగురు మనుషులతో నాలుగు బస్తాలు వేయడం లాంటివి రోజూ ఉంటే చిన్న పెట్రోలు ఇంజన్ ఆయాసపడుతుంది.

అసలు ప్రశ్న

సాయంత్రం చల్లబడ్డాక నేనూ మేనల్లుడూ చప్టా దాకా నడిచాం. వాగులో మోకాలి లోతు కూడా నీళ్ళు లేవు. గేదెలు పడుకుని ఉన్నాయి. అక్కడ నిలబడి వాడు అసలు ప్రశ్న అడిగాడు.

“ఇవన్నీ సరే మావయ్యా. ఆ రాత్రి లాంటిది మళ్ళీ వస్తే ఏ బండి దాటుద్ది?”

కంపెనీవాళ్ళు థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగగలదని చెప్తారు. అది నిలవ నీటికి చెప్పే లెక్క. పారే నీళ్ళు వేరు. అడుగు లోతు వడికే చిన్న కారు తేలిపోతుంది, రెండడుగుల వడి పెద్ద బళ్ళని కూడా లాక్కుపోతుంది. చప్టా అంచు కనబడని రాత్రి అయితే ఇక చెప్పేదేముంది? ఇంజన్ గాలి పీల్చే చోట నీళ్ళు దూరితే పెట్రోలైనా డీజిలైనా అక్కడికక్కడే ఆగిపోతుంది. డీజిల్‌కి లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగుల్తుంది. పాతకాలం డీజిల్ జీపుకి ప్లగ్గులు తడిసే బాధ లేదని ధైర్యంగా దించేవాళ్ళు. ఇప్పుడు రెండిటికీ లోపల కంప్యూటర్లే.

“ఏ బండీ దాటదురా” అన్నా. “ఆ రాత్రి మీ నాన్నని కాపాడింది ట్రాక్టరు కాదు. వాగు తగ్గేదాకా ఒడ్డున ఆగిన మీ ఓపిక.”

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ వాడికి ఎందుకు పనికొస్తుందో అప్పుడు ఇద్దరం మాట్లాడుకున్నాం. ఊరి బయట ఆ అర కిలోమీటరు నల్లమట్టి దాటడానికి పనికొస్తుంది. వాగు పొంగకముందే, వాన మొదలైన గంటలోనే ఇల్లు కదలడానికి పనికొస్తుంది. దానికి ఏ ఇంజనైనా చాలు. పొంగాక దాటడానికి కావలసింది వంతెన. అది షోరూంలో దొరకదు. దానికి ఊరంతా కలిసి అర్జీ పట్టుకుని తిరగాలి.

ఇంటికొచ్చేసరికి వాడు తేల్చుకున్నాడు. తేలికైన పెట్రోలు బండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి బురద టైర్లు, లాగే తాడు కొంటాడట. అప్పు నాలుగు లక్షలు దాటనివ్వడట. తోడల్లుడు డీజిల్‌కి డబ్బు కట్టడానికి మర్నాడే ఒంగోలు షోరూంకి పోయాడు. ఒకే ఇంట్లో ఇద్దరు అల్లుళ్ళకి రెండు జవాబులు. రెండూ సరైనవే.

నేను బయల్దేరుతుంటే బావ గుమ్మం దాకా వచ్చాడు. “ఏ బండైతే ఏందిలే గానీ, సీటు మరీ ఎత్తు లేకుండా చూడమని చెప్పు. ఎక్కేది నేనేగా” అన్నాడు. ఆయన పక్కన నిలబడి మేనల్లుడు ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు. బండి కొలతలనుకున్నా. తొంగి చూస్తే వంతెన అర్జీ.